అత్తకు నిద్ర పట్టదు

సజ్దాలో నేలకు నుదురు ఆనించిన ఆరీఫా మళ్లీ లేవలేదు.

పక్కనే ఉన్న అత్త రహమత్‌బీ తన నమాజు ముగించి, కుడికీ ఎడమకీ సలాం తిప్పి, దువాకు ఎత్తిన చేతులు ముఖానికి రాసుకుని చూసేసరికి కోడలు ఇంకా అలాగే వంగి ఉంది. ముసలామె మొదట భక్తి అనుకుంది. కాసేపటికి ఆ భక్తిలోంచి సన్నగా గురక వినపడింది.

“ఆరీఫా! లే పాపా. పురుగులకు ఆకేసే టయిము దాటిపోతాంది.”

ఆరీఫా ఉలిక్కిపడి లేచింది. అల్లా ముందు నిద్రపోయినందుకు సిగ్గయింది. అత్త కంట పడినందుకు అంతకంటే ఎక్కువ సిగ్గయింది. అల్లా అయితే క్షమిస్తాడు. “మేమూ సాకినాము పురుగుల్ని, ఇట్ల ఎప్పుడన్నా తూగినామా?” అని దెప్పడు. చెంగు నడుముకు బిగించి, షెడ్డు గుమ్మంలో పెట్టిన మందునీళ్లలో కాళ్లు ముంచి, గబగబా లోపలికి పోయింది. రహమత్‌బీ ఆ రోజు మాత్రం దెప్పలేదు. నమాజు చాప మడుస్తూ, కోడలు పోయిన వైపే చూస్తూ కాసేపు నిలబడింది.

గోరంట్ల దగ్గరి ఆ పల్లెలో వేరుశనగను నమ్ముకున్నవాళ్లు ఆకాశం కేసి చూస్తూ కూర్చుంటే, బోరులో నాలుగు చుక్కలున్నవాళ్లు మల్బరీ తోట పెట్టుకుని పట్టు పురుగులు సాకుతున్నారు. ఆరీఫా మొగుడు షఫీవుల్లాదీ అలాంటి ఇల్లే. వానతో పేచీ తప్పింది గానీ పురుగుతో పేచీ మొదలైంది. పురుగు చంటిబిడ్డ కంటే మొండిది. దానికి అగరొత్తి వాసన పడదు, పౌడరు వాసన పడదు, తాలింపు పొగ పడదు. తెల్లవారకముందే ఒకసారి, పగలు రెండుసార్లు, ఊరంతా పడుకున్నాక మరొకసారి ఆకు పరవాలి. పెరిగే లోపల అది నాలుగుసార్లు మేత మాని, చర్మం విడవడానికి కదలకుండా పడుకుంటుంది. దాన్ని ఇక్కడ జ్వరం అంటారు. పురుగు జ్వరాన పడినప్పుడు మాత్రం ఆడమనిషికి తీరిక ఎక్కడిది? అన్నాళ్లూ పేరుకున్న బట్టలూ ఇల్లూ తోటలో కలుపూ అప్పుడే గుర్తొస్తాయి. మొత్తానికి ఆ ఇంట్లో పురుగుకైనా నాలుగుసార్లు పడుకునే యోగం ఉంది. దాన్ని సాకే మనిషికి అదీ లేదు.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అని సామెత. ఆ మాట అన్నవాడెవడో కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోయి లేచి అని ఉంటాడు. నిద్రకు సుఖం ఎందుకు తెలియదు? ఆరీఫాను అడిగితే చెబుతుంది. మెత్తని పరుపు ఎలా ఉంటుందో, తలుపుకు లోపలి గడియ వేసుకుంటే ఎలా ఉంటుందో, ఎవరూ పేరు పెట్టి పిలవని ఒక పూట ఎలా ఉంటుందో, ఆకు కొమ్మలు పరుస్తూ ఆమె రోజూ ఊహించుకునేది.

షఫీవుల్లా చెడ్డవాడేం కాదు. పెళ్లాం మీద చెయ్యెత్తి ఎరగడు. తోటలో ఆకు కోసి మోపులు తెచ్చేది అతనే, పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయేదీ అతనే. కానీ తెల్లవారి మేతా, రాత్రి మేతా ఆడవాళ్ల పని అని అతని నాయన కాలం నుంచీ ఆ ఇంట్లో రాయని చట్టం ఒకటి నడుస్తోంది. “ఈ తూరి గూళ్లు ఎట్ల పండించినానో సూడప్పా” అని అతను టీ అంగడి దగ్గర చెప్పుకుంటున్న రోజున ఆరీఫా చూపుడువేలికి గుడ్డ కట్టి ఉంది. ఆకు తరుగుతూ తూగితే కత్తి తగిలింది.

గూళ్లు నిజంగానే బాగా వచ్చాయి. రేటూ పలికింది. షెడ్డు కడిగి, సున్నం చల్లి, తలుపులు మూశారు. మళ్లీ చిన్న పురుగులు తెచ్చుకునేదాకా నాలుగు రోజులు ఇంటికి ఊపిరి. ఆ ఇంటివాళ్లు ఊరు కదలాలంటే ఇలాంటి సందుల్లోనే కదలాలి.

మార్కెట్టు నుంచి వచ్చిన షఫీవుల్లా మంచి హుషారులో ఉన్నాడు. వస్తూనే కూతుర్ని కేకేశాడు.

“షమా! నీళ్ల ఆటల పార్కుకు పోదామా?”

నాలుగో తరగతి చదివే షమా నమ్మలేనట్టు చూసింది. “బెంగుళూరుదా నాయనా? పెద్ద రాట్నం ఉండేదా?”

“అదే. ఆడనే హోటల్లో దిగుదాము. రెండు రాత్రులు. మీ జేజి, మీ అమ్మ, అందరమూ పోదాము.”

షమా గంతులు వేసింది. రాట్నమన్న మాట షమా చెవిన పడితే, హోటలన్న మాట ఆరీఫా చెవిన పడింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె కూర వేయడం మర్చిపోయింది.

మరునాడు పొద్దున షఫీవుల్లా నులకమంచం మీద కూర్చుని ఫోనులో హోటళ్లు చూశాడు. “ఇదో, ఇది సూడు. కిటికీ తెరిస్తే రాట్నమే. కింద రాత్రంతా డీజే పెడతారంట, డ్యాన్సులంట. పిల్లకు బాగుంటాది” అన్నాడు. పిల్ల పేరు పెట్టుకుని ఎవరి సరదా ఎవరు తీర్చుకుంటున్నారో ఇంట్లో అందరికీ తెలుసు.

“కొంచెం సద్దు లేనిది సూస్తే?” అంది ఆరీఫా, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ.

“సద్దు లేకుండా ఉండేదానికి బెంగుళూరు దంకా యాల పోవల్ల? మన షెడ్డులో పండుకుంటే సాల్దా?” అని అతను తన మాటకు తనే నవ్వుకున్నాడు. అంతలో తోటలో మోటారు ఆగిపోయిందని ఎవరో పిలిస్తే లేచాడు. “సరే, నువ్వే సూసి పెట్టు. గాజుల అంగట్లో మాదిరి దినమంతా సూస్తా కూసోవాకు” అని ఫోను ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆరీఫా షమాను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. పరుపుల ఫొటోలు ఉన్నాయి, బాత్రూముల ఫొటోలు ఉన్నాయి, పొద్దుటి టిఫిన్ల ఫొటోలు ఉన్నాయి. నిశ్శబ్దానికి మాత్రం ఎవరూ ఫొటో తీయలేదు. రెండు గదులూ మధ్యలో హాలూ ఉన్న ఒక సూట్ దగ్గర షమా వేలు ఆగింది. “గార్డెన్ సైడ్ అని రాసినారమ్మా. తోట పక్క” అంది. ఆరీఫా అక్కడున్న నంబరుకు ఫోను చేసింది.

“హేళి మేడమ్” అని అవతల ఆడగొంతు కన్నడంలో పలికింది.

“తెలుగు వస్తాదామ్మా?”

“రాకేమక్కా, మాది మడకశిర. నా పేరు సువర్ణ. చెప్పండక్కా.”

మన వైపు పిల్లే అని తెలిసేసరికి ఆరీఫాకు ధైర్యం వచ్చింది. “ఆ తోట పక్క రూములు ఉండాయి కదా, వాటి ఎనక ఏముండాది?”

“సపోటా తోటక్కా.”

“లిఫ్టు?”

“ఆ చివరన ఉండాది. ఈ రూములు ఈ చివర.”

“పైన ఎవురన్నా కుర్చీలు గిర్చీలు లాగేది…”

“పైన నీళ్ల ట్యాంకే అక్కా, మనుషులు ఉండరు.”

“తెల్లారి ఎవురన్నా తలుపు కొడతారా? కాఫీ అనీ, ఊడ్చేదనీ?”

“తలుపుకు బోర్డు తగిలిస్తే ఎవరూ రారు.” సువర్ణ నవ్వింది. “ఇంతగా అడుగుతాండారు, చంటిబిడ్డ ఉండాదా అక్కా?”

నాకే నిద్ర కావాలమ్మా అని చెప్పడానికి ఆరీఫాకు నోరు రాలేదు. అందరూ ఆడుకోవడానికి పోయే చోటికి నిద్రపోవడానికి వచ్చే ఆడదాన్ని ఏమనుకుంటారు? “మా అత్తకు” అనేసింది. “పెద్దామె. నిద్దర పట్టదు. ఆకు కదిలినా లేస్తాది.”

“అయ్యో పాపం. నేను చూసుకుంటాలేక్కా.”

ఫోను పెట్టేశాక ఆరీఫా నాలుక కరుచుకుంది. ఆకు కదిలినా లేచే అత్త అప్పుడే పక్క గదిలో మధ్యాహ్నపు కునుకు తీస్తోంది. ఆమె గురక వీధిలోకి వినపడుతోంది. ఇవతల షమా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆరీఫా కూతురి వైపు కళ్లు ఉరిమి చూసింది.

సాయంత్రం మొగుడితో మాత్రం, “ఇదైతే పార్కుకు ఇంకా దగ్గరంట. గేటు తీస్తానే మనమే ముందు పోవచ్చు” అంది. అతను సరే అన్నాడు.

బెంగుళూరు బస్సు దిగి, ఇంకో బస్సెక్కి, హోటలు చేరేసరికి పొద్దు వాలింది. గాజు తలుపు తోసుకుని అందరికంటే ముందు రహమత్‌బీ లోపలికి నడిచింది. తెల్లచీర, చేతిలో చిత్రాన్నం గిన్నె కట్టిన మూట, చంకలో నమాజు చాప. కౌంటరు వెనక ఉన్న అమ్మాయి పేరు అడిగి, కంప్యూటర్లో చూసి, ముఖమంతా నవ్వు చేసుకుంది.

“గోరంట్ల నుంచి కదా! అవ్వా, మీ కోసమనే ఆ చివర రూము అట్టిపెట్టినాము. మీకు నిద్దర పట్టదంట కదా. అక్క ఫోనులో ఎంత బాధపడిందో! ఆకు కదిలినా లేస్తారంట.”

ఆరీఫాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. షఫీవుల్లా పెట్టె కింద పెట్టి, “ఎవురికి? మా అమ్మకా?” అని పకపకా నవ్వాడు. “మా అమ్మ పండుకుంటే పక్కన పీర్ల డప్పులు కొట్టినా…”

“నోరు మూసుకోరా.” రహమత్‌బీ గొంతు హాలంతా వినపడింది. కొడుకు నవ్వు సగంలో ఆగింది. ఆమె కోడలి ముఖం చూసింది. ఆరీఫా కళ్లు నేలను తవ్వుతున్నాయి. ముసలామె సువర్ణ వైపు తిరిగింది.

“అవునమ్మా. నాకు నిద్దర పట్టదు. శానా ఏండ్ల నుంచి పట్టదు. నీకు పుణ్యముంటాది, ఆ రూమే ఇయ్యి.”

గది సువర్ణ చెప్పినట్టే ఉంది. వెనక సపోటా చెట్లు, దుప్పట్లు మల్లెపువ్వుల్లా తెలుపు, తలుపు వేస్తే రోడ్డు లేనట్టే. నలుగురూ అలవాటు కొద్దీ చెప్పులు వరండాలోనే విడిచి, ముందు బాత్రూములో కాళ్లు కడుక్కున్నారు. గదిలో దోమల మందు బుడ్డి ఒకటి గోడకు గుచ్చి ఉంది. రహమత్‌బీ ముక్కు ఎగబీల్చి, నేరుగా పోయి దాన్ని పీకేసింది. “పురుగులుండే ఇంట్లో ఇట్లాటివి పెడతారా ఎవురన్నా?”

“ఈడ పురుగులు యాడుండాయి జేజీ?” అని షమా పరుపు మీద పడి దొర్లింది. ముసలామె కూడా నవ్వింది గానీ బుడ్డి మాత్రం మళ్లీ పెట్టలేదు.

ఆరీఫాకు నవ్వు రాలేదు. అత్త ఎప్పుడు అడుగుతుందా అని సాయంత్రమంతా కాచుకుంది. అత్త అడగలేదు. చిత్రాన్నం పంచి, రాత్రి ఇషా నమాజు చేసి, హాల్లోని దివాన్ మీద పడుకుని గురక పెట్టింది. అడగకపోవడం అడగడం కంటే బరువుగా ఉంది. అయినా పరుపు పరుపే. ఆరీఫాకు తల వాల్చడమే తెలుసు.

తెల్లవారుతుండగా ఆమె దిగ్గున లేచి కూర్చుంది. చుట్టూ చీమ చిటుక్కుమనడం లేదు. పురుగులు ఆకు తినేటప్పుడు షెడ్డు నిండా సన్నని వాన పడుతున్నట్టు చప్పుడు ఉంటుంది. నిద్రలో కూడా సాకేవాళ్ల చెవి ఆ చప్పుడు మీదే ఉంటుంది. అది ఆగిందంటే పురుగుకు తెగులైనా తగిలి ఉండాలి, ఆకైనా అయిపోయి ఉండాలి. ఆరీఫా జుట్టు ముడేసుకుని, చెంగు నడుముకు దోపుకుని, చీకట్లో తలుపు తీసి హాల్లోకి వచ్చింది. కత్తి కోసం గోడవార తడిమింది. చేతికి టీవీ తగిలింది.

“యాడికే?” అంది రహమత్‌బీ. ఆమె నమాజుకు వజూ చేసుకుని వస్తోంది. ముంజేతుల మీంచి నీళ్లు కారుతున్నాయి.

“సద్దు లేదత్తా. పురుగులు…”

“యాడి పురుగులు?”

అప్పటికి గానీ ఆరీఫాకు తానెక్కడ ఉందో తెలియలేదు. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఇంత దూరం వచ్చి, ఇన్ని అబద్ధాలాడి, వెతికి వెతికి నిశ్శబ్దాన్ని పట్టుకుంటే, ఆ నిశ్శబ్దమే తనను తట్టి లేపింది. ఏడుపు ముంచుకొచ్చింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

రహమత్‌బీ వచ్చి ఎదురుగా కూర్చుంది. “హోటలు పాపతో నాకు నిద్దర పట్టదని యాల చెప్పినావు?”

“తప్పయిపోయింది అత్తా.”

“తప్పని నేనన్నానా? యాల చెప్పినావు అంటాండా.”

“నాకు నిద్దర కావల్ల అత్తా.” ఆ మాట బయటికి వచ్చాక మిగిలినవి ఆగలేదు. “ఒగ దినం. ఒగే ఒగ దినం ఎవురూ లేపకుండా పండుకోవల్ల. పార్కు వద్దు, రాట్నం వద్దు. నాకని చెప్తే ఎవురన్నా ఒప్పుకుంటారా? అందుకే మీ పేరు చెప్పినా.”

ముసలామె తడి చేతులు చీరకు తుడుచుకుంది. “లే. నమాజు చేసుకో” అంది చివరికి. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఆ పూట ఆరీఫా సజ్దా నుంచి తనంతట తనే లేచింది.

టిఫిను వేళకు షఫీవుల్లా కొత్త నిక్కరు, రంగు బనీను వేసుకుని తయారయ్యాడు. షమా అయితే లేచినప్పటి నుంచీ తలుపు దగ్గరే ఉంది. అప్పుడు రహమత్‌బీ సోఫాలో కాళ్లు చాపుకుని ప్రకటించింది.

“నేను రాను. రాత్రంతా నిద్దర లేదు నాకు. మీరు పోయి రాండి.”

“నిద్దర లేదా! నీ గురకకు నాకు లేదు నిద్దర” అన్నాడు షఫీవుల్లా. “టికెట్లు తీసినాను కదమ్మా.”

“నా టికెట్టుతో నువ్వే ఇంగో తూరి జారు. ఇంగోటి, ఆరీఫా కూడా రాదు. తెలియని ఊర్లో ముసిల్దాన్ని ఒగదాన్నే వదిలి పోతారా? నా తోడుకు ఉంటాది.”

షమా ముఖం చిన్నబోయింది. “నువ్వు రాట్నం ఎక్కవా అమ్మా?”

ఆరీఫా ప్రాణం విలవిల్లాడింది. కూతురి గడ్డం పట్టుకుని ఏదో చెప్పబోయింది. వస్తానులే తల్లీ అనబోయిందేమో కూడా. అంతలో రహమత్‌బీ మనవరాలిని దగ్గరకు లాక్కుంది.

“మీ నాయన ఎక్కిస్తాడు. చిన్నప్పుడు ఉరుసులో రాట్నమెక్కి, దింపండి దింపండి అని ఎట్ల ఏడ్చినాడో! ఇప్పుడన్నా బయం పోయిందో లేదో సూసొచ్చి నాకు చెప్పు. ఆ పని నీదే.”

షమాకు అంతకంటే కావాల్సింది ఏముంది! “పా నాయనా, పా!” అని తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. షఫీవుల్లా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్లాడు. రహమత్‌బీ తలుపు వేసి, గడియ పెట్టి, లోపలి గది చూపించింది.

“పో. పండుకో.”

“మీరేం చేస్తారత్తా?”

“నా ఇష్టం. నువ్వు పో.”

ఆరీఫా పడుకుంది. పరుపు ఉంది, గడియ ఉంది, పిలిచేవాళ్లు లేరు. కావాలన్నవన్నీ ఉన్నాయి గానీ కళ్లు మూతపడటం లేదు. చెవి మళ్లీ ఆ లేని చప్పుడును వెతుక్కుంటోంది. అటు దొర్లింది, ఇటు దొర్లింది. పరుపు కిర్రుమన్నప్పుడల్లా హాల్లోంచి అత్త దగ్గు వినపడింది.

కాసేపటికి బాత్రూము తలుపు తీసిన సద్దయింది. తర్వాత షవరు నుంచి సన్నగా, ఆగకుండా నీళ్లు పడటం మొదలైంది. ఆరీఫా తల ఎత్తింది. కారే కొళాయి చూస్తే కాళ్లు ఆగని మనిషి రహమత్‌బీ. బిందె అంచు దాటి చుక్క పోయిందంటే పూటంతా సాధిస్తుంది. అలాంటి మనిషి షవరు కింద బకెట్టు పెట్టి, నీళ్లు సన్నగా తిప్పి, పక్కన పీట మీద కూర్చుంది.

“నీళ్లు అత్తా…” అంది ఆరీఫా మంచం మీంచే.

“పారబోస్తాననుకుంటివా? బకెట్టు నిండితే బట్టలు ఉతుకుతా. మనవి నాలుగు జతలుండాయి” అని లోపలి నుంచి జవాబు వచ్చింది. కాసేపు నీళ్ల చప్పుడే. మళ్లీ ఆమె గొంతు, ఈసారి మెల్లగా. “నేనూ అట్లనే ఉంటి పాపా. కొత్తల్లో మా పుట్టింటికి పోతే ఆడ సద్దు లేక నిద్దర వచ్చేది కాదు. మా అమ్మ రోగమనుకుని తాయెత్తు కట్టించింది.”

ఆరీఫాకు నవ్వొచ్చింది. నవ్వు పెదవుల మీద ఉండగానే కన్ను అంటుకుంది.

ఎంతసేపు పడుకుందో ఆమెకు తెలియదు. ఫోను మోగిన చప్పుడు ఎక్కడో లోతుల్లోంచి వినపడింది. కిటికీ తెర వెనక ఎండ తెల్లగా ఉంది. షవరు ఆగిపోయి ఉంది. కిటికీ ఊచలకు షమా గౌను, షఫీవుల్లా లుంగీ, తన జాకెట్టు వరసగా ఆరుతున్నాయి. హాల్లో రహమత్‌బీ తన చిన్న ఫోను ఎత్తింది.

“ఏమిరా? … ఎక్కించినావా? … ఏడిస్తివా? … సరే, యాల చేసినావు?”

ఫోనులో షఫీవుల్లా గొంతు గరగరమంటూ ఇవతలికి వినపడుతోంది. షమా తువ్వాలు ఆరీఫా యాడ పెట్టిందో తెలియడం లేదట. ఆమెనే అడగాలట.

“పండుకోనుండాది.”

లేపమన్నాడు.

“లేపను. ఎండలో నిలబెట్టు, పిల్ల అదే ఆరతాది.” ఆమె కొంచెం ఆగింది. “ఇదో షఫీ, ఇను. నువ్వు పుట్టినప్పటి నుంచి నీకు పెండ్లి అయ్యేదంకా తెల్లారి మేత, రాత్రి మేత నేను లేసి ఏసినా. మీ నాయన ఒగ నాడు లేసిండ్లేదు. ఈ పాప ఇంట్లోకి వచ్చినాకే నాకు నిద్దర పట్టింది. నా నిద్దర యాడి నుంచి వచ్చిందనుకున్యావు? దీని కండ్లల్లో నుంచి వచ్చింది. మొన్న నమాజులో నిద్దరపోయింది రా, సజ్దాలో. నేను సూసి కూడా పురుగులకు ఆకెయ్యమని లేపితి. అల్లా నన్ను అడగడా?”

అవతల గరగర తగ్గింది.

“ఈ తూరి పురుగులు వచ్చినాక తెల్లారి మేత నువ్వు లేసి ఎయ్యల్ల. రాత్రిది దానికీ నాకూ. … ఆడోళ్ల పనా? పురుగును అడిగినావా, ఆకు ఎవురు ఏసినారని అది సూస్తాదా? … ఆలోచించేదేం లేదు. లేస్తావా లేదా, అది చెప్పు.”

ఆరీఫా మోచేతి మీద లేచింది. మొగుడు ఏమంటున్నాడో వినాలని ఊపిరి బిగబట్టింది. ఆ గది నిండా ఇప్పుడు ఒక్క సద్దు కూడా లేదు.

“ఆఁ, అట్ల రా దారికి” అంది రహమత్‌బీ. “మళ్లీ మాట మార్చితే షమాతోనే రాట్నం సంగతి ఊరంతా చెప్పిస్తా. పెట్టెయ్యి.”

కోడలన్న మనిషి ఇప్పుడు లేచి హాల్లోకి పోవాలి. “వద్దులే అత్తా, మగమనిషి, పాపం, ఎండలో ఆకు కోసి వస్తాడు, నేనే చూసుకుంటా” అనాలి. ఎన్నో ఏళ్లుగా అలవాటైన మాట అది, పిలవకుండానే నాలుక చివరిదాకా వచ్చి కూర్చుంది. ఆరీఫా దాన్ని అక్కడే ఉంచి, దిండు తిరగేసి, చల్లగా ఉన్న వైపు చెంప ఆనించి, గోడ వైపు తిరిగి పడుకుంది.